కరెంటు లెక్కల చదువు - దాని చరిత్ర, మన పిల్లలు



విద్యా సహాయం కోసం ప్రతి యేటా వచ్చే దరఖాస్తులను పరిశీలిస్తున్నప్పుడు ఒక సంగతి మా దృష్టికి వస్తూ వుంది. పాలిటెక్నిక్కులోను, ఇంజనీరింగులోను చేరిన మన పిల్లలు మిగిలిన సబ్జెక్టులన్నీ ఎలాగో గట్టెక్కినా, ఒక్కచోట మాత్రం తప్పుతున్నారు. దాని పేరు ఒక్కో యూనివర్సిటీలో ఒక్కో విధంగా వుంటుంది. ఒకచోట ఎలక్ట్రికల్ సర్క్యూట్స్ అంటారు, మరొకచోట నెట్‌వర్క్ థియరీ అంటారు, ఇంకొకచోట సర్క్యూట్ ఎనాలిసిస్ అంటారు. పేరు ఏదైనా పిల్లలు పడే గుంట ఒక్కటే.

ఆ మధ్య ఒక అబ్బాయి తండ్రితో కలిసి మా దగ్గరకు వచ్చాడు. తండ్రి మోటారు వైండింగు పని చేస్తారు. కాలిన మోటారు వాసన చూసి ఏ చుట్ట పోయిందో చెప్పగల పనివాడు. కొడుకు ఆ పరీక్ష రెండుసార్లు తప్పాడు. "చదివింది చాలు భాయ్, షాపులో కూర్చోబెడతాను" అన్నారు తండ్రి. అబ్బాయి తల వంచుకుని, "చాచా, లెక్క చేయమంటే చేస్తాను. ఆ లెక్క ఎందుకు చేస్తున్నానో మాత్రం తెలియటం లేదు" అన్నాడు.

ఆ మాట మమ్మల్ని ఆలోచనలో పడవేసింది. ఈ శాస్త్రం ఎక్కడ పుట్టింది, ఎవరు పుట్టించారు, మన కాలేజీలకు ఎలా వచ్చింది అన్న సంగతి మన పిల్లలకు ఎవ్వరూ చెప్పటం లేదు. అందుచేత ఈ ఏడాది సంచికలో ఆ చరిత్రనే నాలుగు మాటల్లో చెప్పదలచుకున్నాము.

తాళాలు చేసేవాని కొడుకు

ఈ చదువులో మొదటి పాఠం ఓమ్ సూత్రం. జార్జ్ సైమన్ ఓమ్ 1789లో జర్మనీలోని ఎర్లాంగెన్ పట్టణంలో పుట్టాడు. తండ్రి తాళాలు చేసే పనివాడు. ఆయన తనంతట తానుగా లెక్కలు నేర్చుకుని, ఇంటిదగ్గరే పిల్లలకు నేర్పాడు. ఓమ్ బడిపంతులుగా వుంటూ తీగెల మీద ప్రయోగాలు చేసి 1827లో ఒక పుస్తకం వేశాడు. తీగెలో పారే కరెంటు వోల్టేజీని బట్టి పెరుగుతుంది, తీగె నిరోధాన్ని బట్టి తగ్గుతుంది అన్నదే దాని సారాంశం. ఈనాడు హైస్కూలు పిల్లవాడు కూడా అప్పగించే ఈ మాటను ఆనాటి జర్మన్ పండితులు చాలామంది పట్టించుకోలేదు. ఓమ్ వున్న ఉద్యోగం వదులుకుని కొన్నేళ్ళు చాలా ఇబ్బందిగా గడిపాడు. చివరకు 1841లో లండన్ రాయల్ సొసైటీ వారు కోప్లే పతకం ఇచ్చి గౌరవించారు. మ్యూనిక్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ పదవి వచ్చేసరికి 1852. మరి రెండేళ్ళకే కాలం చేశాడు. 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ నిరోధం కొలతకు ఆయన పేరే ఖాయం చేసింది.

తరువాత వచ్చినవాడు గుస్టావ్ కిర్కాఫ్. మన పిల్లలు భయపడే సూత్రాలు రెండూ ఈయనవే. అయితే గమనింపదగిన విషయం ఏమంటే, 1845లో ఆ సూత్రాలు ప్రచురించేనాటికి కిర్కాఫ్ ప్రొఫెసర్ కాడు, డాక్టరూ కాడు. కోనిగ్స్‌బర్గ్ యూనివర్సిటీలో ఫ్రాంజ్ న్యూమన్ అనే గురువు దగ్గర చదువుకుంటున్న 21 ఏళ్ళ విద్యార్థి. గురువుగారి సెమినార్ కోసం గుండ్రని రేకులో కరెంటు ఎలా పారుతుందో అని ఒక వ్యాసం రాశాడు. ఆ వ్యాసం చివరలో చేర్చిన మాటలే నేటికీ ప్రపంచమంతటా చదివే కిర్కాఫ్ సూత్రాలు. విద్యార్థి రాసినదే విద్యార్థులు చదువుతున్నారన్నమాట.

ఆ సూత్రాలు ఏమిటో మన ఇళ్ళలోని పెద్దలకు కూడా అర్థమయ్యేలా చెప్పవచ్చు. మసీదు వజూఖానాలో ఒకే పెద్ద గొట్టం నుంచి పది కుళాయిలకు నీళ్ళు వెళతాయి. పెద్ద గొట్టంలో నిమిషానికి ఎంత నీరు వస్తే, పది కుళాయిల్లోను కలిపి అంతే బయటికి పోవాలి. మధ్యలో పుట్టేదీ లేదు, మాయమయ్యేదీ లేదు. తీగెలు కలిసే చోట కరెంటు లెక్క కూడా ఇదే. ఇది మొదటి సూత్రం. ఇక మీనారు మెట్లు ఎక్కి, దిగి, బయలుదేరిన చోటికే వచ్చామనుకోండి. ఎక్కిన ఎత్తు, దిగిన ఎత్తు సమానం. సర్క్యూటులో ఒక చుట్టు తిరిగి మొదటి చోటికి వస్తే వోల్టేజీల లెక్క కూడా అలాగే సున్నకు రావాలి. ఇది రెండవ సూత్రం. మిగతాదంతా ఈ రెంటినీ ఓపికగా అమలు జరపటమే.

తరువాత 1847లో కిర్కాఫ్ మరొక మెట్టు ఎక్కాడు. ఎన్నో తీగెలు అల్లుకుపోయిన వలలో ఎన్ని చుట్లకు సమీకరణాలు రాస్తే సరిపోతుందో ముందే లెక్కగట్టే ఉపాయం చెప్పాడు. ఆ కోనిగ్స్‌బర్గ్ పట్టణంలోని ఏడు వంతెనల చిక్కు మీదనే 1736లో ఆయిలర్ అనే గణితవేత్త గ్రాఫ్ సిద్ధాంతానికి పునాది వేశాడు. నూరేళ్ళు దాటిన తరువాత అదే ఊరి విద్యార్థి ఆ దారినే కరెంటు తీగెలకు తిప్పాడు. నేడు ఆ ఊరు కాలినిన్‌గ్రాడ్ అనే పేరుతో రష్యాలో వుంది.

టెలిగ్రాఫ్ ఆఫీసుల నుంచి

అప్పటికింకా ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ అనే చదువే లేదు. కరెంటుతో నిజంగా పని పడినవాళ్ళు టెలిగ్రాఫ్ వాళ్ళు. పరీక్షలో మార్కులు తెచ్చే థెవెనిన్ సిద్ధాంతం అటువంటి చోటనే పుట్టింది. లియోన్ థెవెనిన్ ఫ్రాన్సు దేశపు టెలిగ్రాఫ్ శాఖలో ఇంజనీరు. శాఖలోని వారికి పాఠాలు చెబుతూ, ఓమ్, కిర్కాఫ్ సూత్రాలను సులభం చేసే ప్రయత్నంలో 1883లో ఈ సిద్ధాంతం ప్రకటించాడు. హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1853లోనే ఇటువంటిది చెప్పి వున్నా, ఇంజనీర్ల నోట నిలిచింది థెవెనిన్ పేరే.

దాని భావం ఇది. డబ్బా లోపల బ్యాటరీలు, నిరోధాలు ఎన్ని వున్నా సరే, బయటకు రెండు కొనలు వచ్చాయంటే, బయటివాడికి ఆ డబ్బా అంతా ఒక్క బ్యాటరీ, దాని పక్కన ఒక్క నిరోధం. ఉదాహరణకు 12 వోల్టుల బ్యాటరీకి 6 ఓముల నిరోధాలు రెండు వరుసగా కలిపి, రెండవదాని కొనలు బయటకు తీయండి. బయటివాడికి అది 6 వోల్టుల బ్యాటరీ, 3 ఓముల నిరోధం. ఆ కొనలకు ఇంకొక 3 ఓముల నిరోధం తగిలిస్తే దానిలో 1 ఆంపియర్ పారుతుంది. పాత పద్ధతిలో పొడుగు లెక్క చేసినా అదే జవాబు వస్తుంది. మీటరు పట్టుకుని రెండు కొనలు చూసి లోపలి సంగతి ఊహించే మెకానిక్కు చేసేది కూడా చాలావరకు ఈ ఆలోచనే. దానికి పేరున్నదని మాత్రం అతనికి ఎవ్వరూ చెప్పలేదు.

ఆలివర్ హెవిసైడ్ సంగతి మరీ విచిత్రం. 1850లో లండన్‌లో పేద ఇంట పుట్టాడు. చెవుడు. పదహారేళ్ళకు బడి మానేశాడు. టెలిగ్రాఫ్ ఆపరేటరుగా కొన్నాళ్ళు పనిచేసి, 1874లో అదీ వదిలి, ఇంట్లో కూర్చుని సొంతంగా చదివాడు. ఏ యూనివర్సిటీ గడపా తొక్కలేదు. కాని నేడు ప్రతి యూనివర్సిటీలోను వాడే ఇంపిడెన్స్, ఇండక్టెన్స్ వంటి మాటలు పుట్టించింది ఆయనే. స్విచ్ వేసిన క్షణంలో సర్క్యూటులో ఏం జరుగుతుందో లెక్క కట్టటానికి సొంత పద్ధతి కనిపెట్టాడు. జవాబు సరిగానే వస్తున్నా, రుజువు లేదని గణిత పండితులు ఒప్పుకోలేదు. తరువాతి తరం వారు లాప్లాస్ పద్ధతితో ఆ రుజువులన్నీ సమకూర్చారు. నేడు మన పిల్లలు లాప్లాస్ ట్రాన్స్‌ఫారమ్ పేరుతో చదివే అధ్యాయం వెనుక వున్నది బడి మానిన ఈ మనిషి శ్రమ.

ఇక ఆల్టర్నేటింగ్ కరెంటు వచ్చిన తరువాత లెక్కలు మరీ కష్టమయ్యాయి. అక్కడ 3 ఓముల నిరోధం, చుట్ట వల్ల వచ్చే 4 ఓముల రియాక్టెన్స్ వరుసగా కలిస్తే 7 కావు, 5 మాత్రమే. మన పిల్లలు బోల్తాపడేది సరిగ్గా ఇక్కడే. దీనికి దారి చూపినవాడు చార్లెస్ స్టైన్‌మెట్జ్. పుట్టుకతోనే గూని. రాజకీయ అభిప్రాయాల కారణంగా 1888లో, డాక్టరేటు చేతికి వచ్చే సమయంలో, సొంత ఊరు బ్రెస్లా విడిచి పారిపోవలసి వచ్చింది. 1889లో అమెరికా చేరాడు. 1893లో చికాగోలో జరిగిన విద్యుత్ మహాసభలో, కాంప్లెక్స్ సంఖ్యలు వాడితే ఆల్టర్నేటింగ్ కరెంటు లెక్క మామూలు బీజగణితం అవుతుందని నిరూపించాడు. 1902 నుంచి యూనియన్ కాలేజీలో ఆ విద్యను బోధించాడు.

కాలేజీలకు వచ్చిన విధం

అమెరికాలో ఎం.ఐ.టి. వారు 1882లో ఈ చదువు మొదలుపెట్టారు. జర్మనీలో డార్మ్‌స్టాట్‌లో కూడా అదే ఏడాది దీనికోసం ప్రత్యేకంగా ప్రొఫెసర్ పదవి ఏర్పడింది. తొలి రోజుల్లో డైనమోలు, మోటార్లే ముఖ్యం. సర్క్యూటు లెక్క వాటి వెనుక నడిచే తోక. టెలిఫోను, రేడియో పెరిగిన తరువాత పరిస్థితి మారింది. ఒకే తీగె మీద అనేక సంభాషణలు పంపాలంటే వాటిని వేరుచేసే ఫిల్టర్లు కావాలి. 1915 ప్రాంతంలో అమెరికాలో క్యాంప్‌బెల్, జర్మనీలో వాగ్నర్ అటువంటి ఫిల్టర్లు రూపొందించారు. దానితో నెట్‌వర్కు శాస్త్రం సొంత కాళ్ళ మీద నిలబడింది. ఎం.ఐ.టి.లో గిల్లెమిన్ అనే ప్రొఫెసర్ దానిని పాఠ్యాంశంగా తీర్చిదిద్దాడు. 1955లో వాన్ వాల్కెన్‌బర్గ్ రాసిన నెట్‌వర్క్ ఎనాలిసిస్ మన దేశంలో చవక ముద్రణగా వచ్చి, తరాల తరబడి మన ఇంజనీర్ల సంచుల్లో తిరిగింది.

మన దేశంలో బెంగుళూరు సైన్సు ఇన్‌స్టిట్యూట్‌లో 1911లోనే ఎలక్ట్రికల్ శాఖ ఏర్పడింది. అలీగఢ్‌లో 1935లో ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. తెలుగునాట కాకినాడ, అనంతపురం కాలేజీల పుట్టుక 1946. తిరుపతి, వరంగల్లులలో ఇంజనీరింగ్ చదువు 1959లో వచ్చింది. 1972లో జవహర్‌లాల్ నెహ్రూ టెక్నలాజికల్ యూనివర్సిటీ ఏర్పడింది. హైదరాబాదులో ముస్లిం విద్యాసంస్థల వారు కూడా ముందుకు వచ్చారు. ముఫఖ్ఖంజా ఇంజనీరింగ్ కాలేజీ 1980లో ప్రారంభమైంది.

వీటిలో తెలుగునాట కాలేజీలన్నిటికంటె ముందున్నది ఉస్మానియా. 1918లో ఏర్పడిన ఉస్మానియా యూనివర్సిటీలో 1929లో ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. బోధన అంతా ఉర్దూలోనే. దానికోసం 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను నెలకొల్పి, కొన్ని వందల పుస్తకాలు ఉర్దూలోకి తెచ్చారు. బర్ఖ్ అంటే మెరుపు. ఆ మాటనుంచే బర్ఖీ రౌ అంటే కరెంటు ప్రవాహం. ముజాహమత్ అంటే అడ్డగించటం, అదే నిరోధం. దౌర్ అంటే చుట్టు, అదే సర్క్యూటు. 1948 తరువాత బోధన ఇంగ్లీషుకు మారిపోయింది. ఆ మార్పు మంచిదా చెడ్డదా అన్న వాదన ఇప్పుడు అక్కరలేదు. మన ఇళ్ళలో మాట్లాడే మాటలతోనే ఒకప్పుడు యూనివర్సిటీలో ఇంజనీరింగు చదివారన్నది మాత్రం మన పిల్లలు తెలుసుకోవాలి.

భాష గోడ

ఇక్కడే అసలు సంగతి వున్నదని మా అభిప్రాయం. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో తెలుగు లేక ఉర్దూ మీడియం. కాలేజీలో అడుగుపెట్టగానే ఒక్కసారిగా ఇంగ్లీషు. మొదటి నెలల్లోనే కిర్కాఫ్, థెవెనిన్ అనే పేర్లు మీద పడతాయి. పిల్లవాడు సూత్రం బట్టీ పడతాడు. బొమ్మ కొంచెం తిప్పి ఇస్తే చతికిలబడతాడు. అతనికి లెక్క రాక కాదు, మాట అందక. 2021లో అఖిల భారత సాంకేతిక విద్యా మండలి తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషల్లో ఇంజనీరింగు బోధనకు అనుమతి ఇచ్చిందంటే, ఈ కష్టం మన ఒక్కరిదే కాదని తెలుస్తోంది.

భాషలు మారినా చదువు ఆగదనటానికి ఒక ఉదాహరణ చెప్పి తీరాలి. లోత్ఫీ జాదే 1921లో బాకూ నగరంలో పుట్టాడు. చిన్నప్పుడు చదివింది రష్యన్ బడిలో. పదేళ్ళ వయసులో కుటుంబం ఇరాన్‌కు మారింది. 1942లో టెహరాన్ యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పట్టా తీసుకున్నాడు. యుద్ధకాలంలోనే అమెరికా వెళ్ళి, 1949లో కొలంబియా యూనివర్సిటీలో డాక్టరేటు పొందాడు. ఆయన పరిశోధించినది కాలంతోపాటు గుణం మారే నెట్‌వర్కుల గురించి. 1965లో ఫజీ సెట్స్ అనే కొత్త భావన ప్రకటించి లోకప్రసిద్ధుడైనది ఈ సర్క్యూటు విద్యార్థే. 2017లో కాలం చేశాడు.

ఇంకొక మాట. నెట్‌వర్కు లెక్క అంటే చివరకు సమీకరణాలు సాధించటమే. సమీకరణంలో ఒక పక్కనుంచి తీసి రెండవ పక్క సరిచేసే విద్యకు అల్‌జబ్ర్ అని పేరు పెట్టి, 9వ శతాబ్దంలో బాగ్దాదులో గ్రంథం రాసినవాడు అల్ ఖ్వారిజ్మీ. కంప్యూటరువాళ్ళు అనే అల్గారిథం ఆయన పేరునుంచి వచ్చినదే. అంతా మన పూర్వులే కనిపెట్టారని గొప్పలు పోవటం మా ఉద్దేశ్యం కాదు. ఓమ్, కిర్కాఫ్‌ల కష్టం వారిదే. కాని ఈ చదువు మనకు పరాయిది అనే బెదురు మాత్రం అక్కరలేదు.

ఇప్పుడు మనం చేయవలసినది

నేడు పెద్ద సర్క్యూటుల లెక్కలు కంప్యూటర్లే చేస్తున్నాయి. వాటిలో ప్రసిద్ధి పొందిన స్పైస్ అనే ప్రోగ్రాము పుట్టుక కూడా ఒక తరగతి గదిలోనే. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో రోరర్ అనే అధ్యాపకుడు విద్యార్థులకు క్లాసు పనిగా సర్క్యూటు ప్రోగ్రాము రాయమన్నాడు. ఆ విద్యార్థుల్లో ఒకడైన లారెన్స్ నాగెల్, ప్రొఫెసర్ పెడర్సన్ దగ్గర దానిని పెంచి 1973లో స్పైస్‌గా ప్రకటించాడు. అందరికీ అందుబాటులో వుండాలన్నది పెడర్సన్ పట్టుదల. దాని వారసత్వంగా వచ్చిన ఉచిత ప్రోగ్రాములు నేడు ఎవరైనా పైసా ఖర్చు లేకుండా తెచ్చుకోవచ్చు. దాని లోపల నడిచేది కూడా మన వజూఖానా లెక్కే, అంటే కిర్కాఫ్ మొదటి సూత్రమే.

2006లో సచార్ కమిటీ ఇచ్చిన నివేదిక మనకందరికీ గుర్తుండాలి. ఇరవై ఏళ్ళు దాటిన వారిలో డిగ్రీ గాని డిప్లొమా గాని వున్నవారు దేశం మొత్తం మీద నూటికి 7 మంది వుంటే, ముస్లింలలో 4గురు కూడా లేరని అందులో రాశారు. కాలేజీ గడప దాకా వచ్చిన పిల్లవాడు ఒక్క సబ్జెక్టు వల్ల వెనక్కు మళ్ళితే ఆ నష్టం ఒక్క ఇంటిది కాదు. ఫీజు కట్టటంతో మన బాధ్యత తీరదని మేము తెలుసుకున్నాము.

అందుచేత సభ్యుల ముందు కొన్ని మాటలు వుంచుతున్నాము. మనలో విద్యుత్ శాఖలోను, టెలిఫోన్ శాఖలోను పనిచేసి రిటైరైన పెద్దలు వున్నారు. ఆదివారం జుహర్ నమాజు తరువాత రెండు గంటలు వారు పిల్లలతో కూర్చోవాలి. పాఠం తెలుగులోనో, ఉర్దూలోనో చెప్పి, పరీక్ష రాసే ఇంగ్లీషు మాటను దాని పక్కన నిలబెట్టాలి. ఒక బల్ల, కొన్ని నిరోధాలు, రెండు బ్యాటరీలు, ఒక మీటరు వుంటే చాలు, ఈ సూత్రాలు కంటితో చూడవచ్చు. వైండింగు, వైరింగు పనివాళ్ళను కూడా ఆ గదిలోకి పిలవాలి. చేతికి తెలిసినది వారు చెబుతారు, పుస్తకంలో వున్నది పిల్లలు చెబుతారు. ఆడపిల్లలకు కూడా అదే బల్ల దగ్గర చోటు వుండాలని ప్రత్యేకంగా మనవి చేస్తున్నాము.

మొదట చెప్పిన అబ్బాయికి మేము ఇదే కథ చెప్పాము. ఆరోజు తండ్రిగారు మౌనంగా విన్నారు. లేచేటప్పుడు మాత్రం, "ఆ తాళాలు చేసే ఆయన కొడుక్కి లెక్కలు తానే నేర్పాడన్నారు కదా?" అని అడిగారు. అవునన్నాము. "నాకు లెక్కలు రావు. షాపులో ఒక మోటారు విప్పి పెడతాను, వీడు దాన్ని చూస్తూ చదువుకుంటాడు" అన్నారు. అబ్బాయి మళ్ళీ పరీక్ష ఫీజు కట్టాడు. ఫలితం ఇంకా రాలేదు. ఏది వచ్చినా అతను కాలేజీ మాత్రం మానలేదు.

మన పిల్లలందరికీ ఇల్మ్‌లో బర్కత్‌ను, పెద్దలమైన మనకు వారి పక్కన కూర్చునే ఓపికను అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.